బోటు స్టీరింగ్ ముందు ఆ స్టీల్ రాడ్ దేనికి? పాతది తీసి కొత్తది ఎలా వేస్తారు?

కిందటి ఎపిసోడ్‌లో ఒక తెరచాప పడవ క్లిప్ వేశాను గుర్తుందా? అందులో స్టీరింగ్ చక్రం ముందు, తిరగేసిన ‘యు’ ఆకారంలో మెరిసే స్టీల్ రాడ్ ఒకటి కనిపించింది. కొందరు దాన్ని మొబైల్ స్టాండ్ అనుకున్నారు, ఒకరైతే టవల్ ఆరేసుకునే రాడ్ అనుకున్నారు. పూర్తిగా తప్పని అనలేను, ఆ రెండు పనులకీ జనం వాడతారు. కానీ దాన్ని అక్కడ పెట్టింది అందుకు కాదు. దాని పేరు పెడెస్టల్ గార్డ్. ఈరోజు ఎపిసోడ్ అంతా దాని మీదే.

ముందు చిన్న బ్యాక్‌గ్రౌండ్. మన గోదావరి నావలో చుక్కాని చేత్తో పట్టుకుని తిప్పుతారు. హుస్సేన్ సాగర్‌లో పిల్లలు సెయిలింగ్ నేర్చుకునే చిన్న బోట్లలో కూడా చుక్కానికి ఒక కర్ర ఉంటుంది, దాన్ని అటూ ఇటూ నెట్టడమే. బోటు 30 అడుగులు దాటాక ఆ కర్ర మీద పడే బరువు ఎక్కువైపోతుంది. అందుకే చాలా పెద్ద బోట్లలో కారులోలాగా చక్రం పెడతారు. ఆ చక్రాన్ని మోసే స్తంభమే పెడెస్టల్. సాధారణంగా అల్యూమినియం పోతతో చేస్తారు, లోపల బోలుగా ఉంటుంది. చక్రం ఇరుసుకి సైకిల్ చైన్ లాంటి చైన్ ఉంటుంది. చైన్ రెండు చివర్లకీ స్టీలు తీగల తాళ్లు ఉంటాయి. అవి స్తంభం లోంచి కిందకి దిగి, కప్పీల మీదుగా వెళ్లి, చుక్కాని ఇరుసుని తిప్పుతాయి. స్తంభం నెత్తి మీద దిక్సూచి. పక్కన ఇంజిన్ గేరు, యాక్సిలరేటర్ లివర్లు. అంటే దారి చూపించేది, బోటు తిప్పేది, ఇంజిన్ నడిపేది, అన్నీ నడుం ఎత్తున్న ఒకే స్తంభం మీద ఉన్నాయి.

ఇప్పుడు అలలు ఊపుతున్న డెక్ మీద ఒక మనిషి కాలు జారి ఆ స్తంభం మీద పడ్డాడనుకోండి. ఆ పడే మనిషికీ స్తంభానికీ మధ్య అడ్డు ఈ గార్డ్. ఆర్టీసీ బస్సులో డ్రైవర్ సీటు వెనక అడ్డంగా ఒక రాడ్ ఉంటుంది చూడండి, సడన్ బ్రేక్ పడితే మనం డ్రైవర్ మీద పడకుండా? ఆల్మోస్ట్ అదే ఐడియా. మనం పట్టుకునేదీ అదే, డ్రైవర్‌ని కాపాడేదీ అదే.

నాకు ఈ గోలంతా ఎలా తెలుసంటే, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే రోజుల్లో కొన్నాళ్లు అమెరికాలో, మేరీలాండ్‌లో ఉన్నాను. అక్కడ చెసాపీక్ బే అని పెద్ద అఖాతం. దాని ఒడ్డున అన్నాపొలిస్ అనే ఊరు, ఎటు చూసినా బోట్లే. మా ఆఫీసులో సీనియర్ ఒకాయన, గుంటూరు ఆయన, నేను అన్నా అనే పిలిచేవాణ్ణి. ఆయన 1980ల నాటి 34 అడుగుల ఫైబర్ బోటు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. వీకెండ్ వస్తే నేనూ అక్కడే. ఆయనకి తొమ్మిదేళ్ల పాప. బోటు ఒక పక్కకి ఒరిగినప్పుడల్లా ఆ పాప రెండు చేతులతో పట్టుకునేది ఈ గార్డ్‌నే, ఎందుకంటే ఆమె ఎత్తుకి అందేది అదొక్కటే.

ఆ గార్డ్ ఎడమ కాలు కొద్దిగా వంగి ఉంది. మునుపటి ఓనర్ రోజుల్లో ఎవరో దాని మీద పడ్డారట. కాలు కింద, ఫ్లోరుని తాకే చోట, టీ మరకలా గోధుమ రంగు. చేత్తో పట్టి ఊపితే కిర్రుమనేది. అన్న అప్పటికే కొత్త గార్డ్ ప్లాన్‌లో ఉన్నారు, కానీ వేరే కారణానికి: 12 అంగుళాల మ్యాప్ స్క్రీన్ పెట్టుకోవాలి, పాత సన్న పైపుకి ఆ బాక్సు సరిపోదు. “తమ్ముడూ, లావు పైపు తెచ్చి మార్చేద్దాం, ఒక శనివారం పని” అన్నారు. నిజంగా పైపు మార్చడం ఒక శనివారం పనే. కానీ ఆ కిర్రు శబ్దం పైపుది కాదు.

ఒక చిన్న లెక్క చేద్దాం, ఫిజిక్స్ ఇంటర్ లెవెలే. 80 కిలోల మనిషి సెకనుకి 2 మీటర్ల స్పీడుతో, అంటే బాగా వేగంగా నడిచే స్పీడుతో, గార్డ్ మీద పడ్డాడు. అప్పుడు ఆయనలో ఉన్న శక్తి 160 జౌల్స్. గార్డ్, ఆయన చేతులు, ఒళ్లు అన్నీ కలిపి ఒక 5 సెంటీమీటర్లు ఒదిగి ఆపాయనుకుందాం. 160ని 0.05తో భాగిస్తే 3,200 న్యూటన్లు. సుమారు 325 కిలోల బరువు తోసినట్టు. ఇది తుఫానులో లెక్క కాదు, పక్కనుంచి ఒక స్పీడ్ బోటు వెళ్తే వచ్చే అల చాలు.

అసలు ట్విస్ట్ ఇక్కడ. ఆ తోపు పడేది సుమారు 90 సెంటీమీటర్ల ఎత్తులో. పాత అమెరికన్ బోట్లలో ఎక్కువగా కనిపించే గార్డ్‌కి పైపు 1 అంగుళం, రెండు కాళ్ల మధ్య దూరం సెంటర్ నుంచి సెంటర్‌కి తొమ్మిదిన్నర అంగుళాలు, అంటే 24 సెంటీమీటర్లు. పక్కనుంచి తోస్తే ఒక కాలు ఫ్లోరుని నొక్కుతుంది, రెండోది పైకి లేవాలని చూస్తుంది. గునపంతో రాయి లేపినట్టే. 3,200ని 90తో గుణించి 24తో భాగిస్తే 12,000 న్యూటన్లు. 1,200 కిలోలకి పైమాటే. నిజంలో అంత పడదు, ఎందుకంటే గార్డ్ పైభాగం పెడెస్టల్‌కి కట్టి ఉంటుంది, బరువులో పెద్ద వాటా పెడెస్టల్ తీసుకుంటుంది. అయినా ఆ కాలి కింద ఉన్న నాలుగు స్క్రూలు ఎంత సీరియస్ విషయమో అర్థమవుతోంది కదా? అందరూ పైపు గురించి మాట్లాడతారు. తెగేదీ ఊడేదీ ఎక్కువగా పాదం దగ్గరే.

కాబట్టి మేం పైపు ఆర్డర్ ఇవ్వకముందే ఫ్లోరు చూశాం.

చాలా ఫైబర్ బోట్ల ఫ్లోరు ఒకే మందపు పలక కాదు. పైన ఒక ఫైబర్ పొర, కింద ఒక ఫైబర్ పొర, మధ్యలో తేలికైన బాల్సా చెక్కో ప్లైవుడ్డో. క్రీమ్ బిస్కెట్ ఊహించుకోండి. బరువు తక్కువ, గట్టితనం ఎక్కువ, మంచి డిజైన్. కానీ దానికి ఒక్క శత్రువు: నీళ్లు. స్క్రూ చుట్టూ ఉన్న సీలెంట్ ఏళ్ల తరబడి ఎండకి ఎండి పగిలితే, చుక్క చుక్కగా నీళ్లు మధ్య చెక్కలోకి దిగుతాయి. చెక్క మెత్తబడి పుచ్చిపోతుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలీదు. చిన్న ప్లాస్టిక్ సుత్తితో తట్టుకుంటూ పోవాలి. మంచి చోట టక్ టక్ అంటుంది, పుచ్చిన చోట డబ్‌మని మొద్దు శబ్దం వస్తుంది. పుచ్చకాయ కొనేటప్పుడు తట్టి చూస్తాం కదా, అదే టెక్నిక్. ఎడమ కాలు చుట్టూ అరచేయంత మేర మొద్దు శబ్దం. స్క్రూ తీస్తే బొట్లు బొట్లుగా గోధుమ రంగు నీళ్లు. ఆ స్క్రూ వెంట పట్టుకునే చెక్కే లేదు, పై పొరలో దాని మరలకి దొరికింది కొన్ని మిల్లీమీటర్ల ఫైబర్ మాత్రమే. పాప వేలాడేది దీని మీద.

అన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత “స్క్రీన్ సంగతి తర్వాత, ముందు ఇది” అన్నారు.

రిపేరు ఎలాగంటే: పుచ్చిన భాగం పై పొరని కోసి తీసేశాం, మెత్తబడిన చెక్కంతా గీకి పారేశాం, లోపల పూర్తిగా ఆరనిచ్చాం. ఆరనివ్వడం అంటే ఫ్యాన్ పెట్టి రోజుల తరబడి వెయిట్ చేయడం, ఇక్కడ తొందరపడితే మొత్తం వేస్ట్. తర్వాత ఆ గుంతలో కొత్త గట్టి పలక పెట్టి, సిలికా పొడి కలిపి చిక్కగా చేసిన ఎపాక్సీతో నింపి, పైన ఫైబర్ క్లాత్ పొరలు వేశాం. బోల్టు వెళ్లే ప్రతి చోటా అదే సూత్రం: కావాల్సిన దానికంటే పెద్ద బెజ్జం వేసి, చుట్టూ ఉన్న చెక్కని కొంచెం లోపలికి తవ్వి, ఎపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక దాని మధ్యలోంచి అసలు సైజు బెజ్జం వేయాలి. అప్పుడు రేపు సీలెంట్ మళ్లీ పగిలినా నీళ్లు చెక్కని తాకవు, ఎపాక్సీ గోడ అడ్డుంటుంది. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ తీసేశాం.

ఇంకోటి, స్క్రూలు వద్దు. బోల్టులు ఫ్లోరు ఆ పక్కకి దూసుకెళ్లాలి, కింద పెద్ద బ్యాకింగ్ ప్లేట్ ఉండాలి, దాని కింద వాషర్, నట్టు. బ్యాకింగ్ ప్లేట్ అంటే బరువుని పంచే పలక. చిన్న వాషర్ ఒక్కటే ఉంటే పెద్ద లాగుడుకి ఫైబర్‌ని చీల్చుకుని పైకి వచ్చేస్తుంది. మేం ఆరు మిల్లీమీటర్ల మందం ఫైబర్‌గ్లాస్ పలక వాడాం, తుప్పు సమస్య ఉండదు. ఆ నట్టు బిగించడానికి మాత్రం ఎవరో ఒకరు వెనక సామాన్ల అర లోంచి పాక్కుంటూ ఇంజిన్ పక్కకి వెళ్లాలి. ఇద్దరిలో సన్నగా ఉన్నది నేనే కాబట్టి ఆ ఎవరో ఒకరు నేనే. డీజిల్ వాసనలో గంటన్నర. చొక్కా పారేయాల్సి వచ్చింది.

సరే, ఇప్పుడు పైపు.

కొలతలు టేపుతో తీసుకుంటే సరిపోదు. పైపు బయటి వ్యాసం వెర్నియర్ కాలిపర్‌తో చూడాలి. 1 అంగుళం, అంగుళం ఎనిమిదో వంతు, అంగుళం పావు, మూడు సైజులూ వాడకంలో ఉన్నాయి, కంటికి పెద్ద తేడా కనిపించదు. కాళ్ల మధ్య దూరం సెంటర్ నుంచి సెంటర్‌కి. ఎత్తు రెండు కాళ్లకీ విడివిడిగా కొలవాలి, ఎందుకంటే నీళ్లు పోవడానికి ఫ్లోరుకి వాలు ఉంటుంది. రెండు కాళ్లూ సమానం అనుకుని చేయిస్తే ఒకటి గాల్లో వేలాడుతుంది. దాన్ని బోల్టుతో బలవంతంగా కిందకి లాగితే పైపు మీద ఎప్పటికీ ఒత్తిడి ఉండిపోతుంది.

ముందుగా ప్లంబర్లు వాడే ప్లాస్టిక్ పైపుతో ఒక డమ్మీ గార్డ్ కట్టి బోటులో నిలబెట్టండి. ఇది అన్న ఐడియా, సూపర్ ఐడియా. డమ్మీ పెట్టాక గేరు లివర్ ముందుకి పూర్తిగా, వెనక్కి పూర్తిగా తోసి చూశాం. మొదట అనుకున్న వెడల్పులో లివర్ చివర పైపుకి తగిలింది! స్టీలుతో చేయించాక తెలిసుంటే ఇంజిన్ రివర్స్‌లోకి వెళ్లేది కాదు. జెట్టీ దగ్గరకొస్తూ బ్రేక్ లేని కారులా అన్నమాట. అలాగే ఫోల్డింగ్ టేబుల్ తెరిచి మూసి చూడాలి, నిలబడి, కూర్చుని దిక్సూచి అంకెలు కనబడుతున్నాయా చూడాలి, పక్కనుంచి మనిషి దాటుకుని వెళ్లగలడా చూడాలి.

సైజు సంగతి. అన్నకి స్క్రీన్ కోసం అంగుళం పావు కావాలి. బలం పరంగా కూడా అది మంచిదే. రెండింటికీ గోడ మందం 1.65 మిల్లీమీటర్లే తీసుకుంటే, వ్యాసం పాతిక శాతం పెరిగితే వంగకుండా నిలబడే గట్టితనం రెట్టింపవుతుంది. మధ్య సైజు తీసుకున్నా దాదాపు 45 శాతం ఎక్కువ. పైపు బెండింగ్‌లో మందం కంటే వ్యాసం ఎక్కువ పని చేస్తుందని బీటెక్‌లో చదివిన గుర్తు, ఇదిగో ఇక్కడ కనబడింది. అయితే లావు పైపుకి దిక్సూచి కింద ఉండే ప్లేట్ కూడా మార్చాలి. గార్డ్ కాళ్లు ఆ ప్లేటు బెజ్జాల్లోంచి వెళ్తాయి, పెడెస్టల్‌తో దాన్ని కట్టేది అదే. పాత ప్లేటు బెజ్జాలు పెద్దవి చేస్తే అంచు పలచబడిపోతుంది. కొత్త ప్లేటే కరెక్ట్.

రెడీమేడ్ దొరుకుతుందా? దొరుకుతుంది. ఎడ్సన్ అని 1859 నుంచి ఉన్న అమెరికన్ కంపెనీ, పాత బోట్లలో చాలా పెడెస్టల్స్ వాళ్లవే. మీ కొలతలు స్టాండర్డ్ అయితే కొనేయడమే బెస్ట్ అని నా అభిప్రాయం, షాపులో వంచి చేయించడంలో పెద్ద మిగులు లేదు. మా కేసులో ఎత్తు, వంపు రెండూ వేరు. అందుకే ఫ్యాబ్రికేషన్ షాపుకి వెళ్లాం.

స్టీలు గ్రేడ్ గురించి ఇంటి మెట్ల రెయిలింగ్ చేయించిన వాళ్లకి కొంత తెలుసు: 202, 304, 316. సముద్రం దగ్గర 316 కావాలి, అందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుకి తట్టుకునే శక్తి దాని వల్ల పెరుగుతుంది. వెల్డింగ్ ఉంటే 316ఎల్ అడగండి. ఎల్ అంటే కార్బన్ తక్కువ. కార్బన్ ఎక్కువుంటే వెల్డింగ్ వేడికి అది క్రోమియాన్ని పట్టుకుని లాగేసుకుంటుంది, ఆ అతుకు పక్కనే తుప్పు మొదలవుతుంది. ఇంకో పాయింట్: 316 కూడా తుప్పు పట్టదని కాదు. స్టెయిన్‌లెస్ మీద కంటికి కనబడని ఆక్సైడ్ పొర ఉంటుంది, అది నిలబడాలంటే ఆక్సిజన్ తగలాలి. పాదం లోపల, ప్లేటు బెజ్జంలో, నీళ్లు నిలిచి గాలి ఆడని సందుల్లో ఆ పొర పోతుంది. మా పాత గార్డ్ పైనంతా అద్దంలా ఉండి, పాదం లోపల ఉన్న రెండంగుళాలు మాత్రం గుంటలు గుంటలుగా తినేసి ఉంది. ఎక్కడ కనబడదో అక్కడే జబ్బు.

మొదట వెళ్లిన షాపు పేరు చెప్పను. వాళ్లు హోటల్ కిచెన్ బల్లలు ఎక్కువగా చేస్తారు. 316 అని మాటిచ్చారు. పైపు వచ్చాక నేను జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి పెడితే నిటారు భాగంలో అసలు అంటలేదు, వంపుల దగ్గర మాత్రం లాగింది. 304ని చల్లగా ఉన్నప్పుడు వంచితే లోపలి అమరిక కొంత మారి అయస్కాంత గుణం వస్తుంది. 316లో నికెల్ ఎక్కువ కాబట్టి ఆ మార్పు బాగా తక్కువ. అడిగితే, స్టాక్‌లో ఉన్న 304 వాడామని ఒప్పుకున్నారు. ఒక జాగ్రత్త: అయస్కాంతం అంటలేదు కాబట్టి ఒరిజినల్ అని మన రెయిలింగ్ షాపుల్లో చెప్తారు చూడండి, అది నమ్మకండి. చవకరకం 202కి కూడా అయస్కాంతం అంటదు. గ్రేడ్ కావాలంటే మిల్ సర్టిఫికెట్ అడగాలి.

మాకు గ్రేడ్ కంటే పెద్ద సమస్య వేరే ఉంది. ఈ పైపు నిలబడేది దిక్సూచికి జానెడు దూరంలో!

మీ దగ్గర ఫోన్ ఉంది కాబట్టి ఇది మీరే టెస్ట్ చేయొచ్చు. చాలా ఫోన్లలో మాగ్నెటోమీటర్ ఉంటుంది, కంపాస్ యాప్ పనిచేసేది దానితోనే. సెన్సర్ రీడింగ్ చూపించే ఫ్రీ యాప్స్ ఉన్నాయి. భూమి అయస్కాంత క్షేత్రం చోటుని బట్టి సుమారు 25 నుంచి 65 మైక్రోటెస్లా. ఆ యాప్ ఓపెన్ చేసి, ఫోన్ కదపకుండా బల్ల మీద పెట్టి, పైపుని పొడవునా దాని పక్కనుంచి జరుపుతూ పోతే, అయస్కాంతం ఎక్కిన చోట రీడింగ్ ఎగురుతుంది. రెండో షాపులో 316ఎల్ పైపుని అలాగే చెక్ చేశాం, రీడింగ్ కదల్లేదు. ఈ రెండో షాపు వాళ్లు వంచేటప్పుడు పైపు లోపల మాండ్రెల్ పెట్టి వంచారు, అందుకే వంపు దగ్గర నొక్కు పడలేదు. మాండ్రెల్ లేని రోజుల్లో పైపులో ఇసుక కూరి రెండు చివర్లా మూసి వంచేవాళ్లు, ఇప్పటికీ కొన్ని చోట్ల చేస్తారు. వంపులో నొక్కు పడితే అక్కడ బలం పోయినట్టే, అలాంటిది తీసుకోవద్దు. మామూలు ఇనుము పని చేసిన గ్రైండింగ్ రాయితో స్టెయిన్‌లెస్‌ని రాకుతున్నారా అనేది కూడా చూసుకోండి. ఆ ఇనుప రేణువులు అంటుకుని, నెల తిరక్కుండా చుక్కలు చుక్కలుగా తుప్పు కనిపిస్తుంది. పాలిష్ అయ్యాక యాసిడ్‌తో శుభ్రం చేయించడం ఇందుకే.

తర్వాతది వైరింగ్. నాకు అన్నిటికంటే ఇష్టమైన పార్ట్ ఇదే. స్క్రీన్‌కి కరెంటు వైర్లు గార్డ్ పైపు లోంచే వెళ్తాయి. రెండు కాళ్లున్నాయి కదా, చక్కగా ఒక కాల్లో ప్లస్, ఇంకో కాల్లో మైనస్ దూరుద్దాం అనిపిస్తుంది. అస్సలు చేయొద్దు. 2 ఆంపియర్ల కరెంటు పారే ఒంటరి వైరు, 10 సెంటీమీటర్ల దూరంలో 4 మైక్రోటెస్లా క్షేత్రం పుట్టిస్తుంది. చెసాపీక్ ప్రాంతంలో దిక్సూచి ముల్లుని పట్టి తిప్పే భూమి క్షేత్రం, అంటే అడ్డంగా ఉండే భాగం, సుమారు 20 మైక్రోటెస్లా మాత్రమే. 20కి లంబంగా 4 కలిస్తే ముల్లు 11 డిగ్రీలు పక్కకి పోతుంది. అలా 10 నాటికల్ మైళ్లు వెళ్తే దాదాపు 2 మైళ్లు పక్కన తేలతారు. స్క్రీన్ ఆఫ్ చేస్తే ముల్లు మళ్లీ కరెక్ట్‌గా చూపిస్తుంది, అందుకే ఈ బగ్ పట్టుకోవడం నరకం. సొల్యూషన్ సింపుల్: ప్లస్, మైనస్ రెండూ ఒకే కాల్లో, ఒకదానికొకటి జడలా మెలేసి పంపాలి. వెళ్లే కరెంటు, వచ్చే కరెంటు పక్కపక్కనే ఉంటే రెండు క్షేత్రాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇంకో మాట, అయస్కాంతంతో అంటుకునే మొబైల్ హోల్డర్‌ని దిక్సూచి పక్కన పెట్టొద్దు. ఫోన్ స్పీకర్‌లో కూడా అయస్కాంతం ఉంటుంది, ఫోన్ని కూడా దూరంగానే ఉంచండి.

పాతది విప్పడంలో టైమ్ తినేది పైన ప్లేటు స్క్రూలు. అల్యూమినియంలో స్టీలు స్క్రూ, మధ్యలో ఉప్పునీరు, ఇంకేం కావాలి, చిన్న బ్యాటరీ తయారు. అల్యూమినియం కరిగి తెల్ల పొడిలా మారి స్క్రూని బిగించేస్తుంది. బలం పెట్టి తిప్పితే తల తెగుతుంది. నూనె పోసి ఒక రాత్రి వదిలేయాలి, తర్వాత హీట్ గన్‌తో వేడి చేయాలి. వేడికి అల్యూమినియం స్టీలు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది, పట్టు వదులుతుంది. దిక్సూచి తీశాక పెడెస్టల్ నోట్లో గుడ్డ కుక్కడం మర్చిపోవద్దు, ఒక్క నట్టు లోపల చైన్‌లో పడితే స్టీరింగ్ జామ్. దిక్సూచి పక్కన సర్దుబాటు స్క్రూలు చిన్నవి ఉంటాయి, అవి అందులోని చిన్న అయస్కాంతాల్ని జరిపేవి, ముట్టుకోకండి.

బిగించేటప్పుడు స్టీలు, అల్యూమినియం తగిలే ప్రతి చోటా టెఫ్-జెల్ లాంటి పేస్టు రాశాం. పాదాల కింద బ్యూటైల్ టేప్. బెజ్జం పై అంచుని కొంచెం ఏటవాలుగా చెక్కితే, టేప్ ఆ గుంతలోకి దిగి బోల్టు చుట్టూ రబ్బరు ఉంగరంలా కూర్చుంటుంది. ఒకసారి వేస్తే మళ్లీ ఊడని జిగురు వాడొద్దు, పదేళ్ల తర్వాత దీన్ని విప్పేవాడు ఫైబర్‌తో సహా పీకాల్సొస్తుంది. వైర్లు బయటికొచ్చే బెజ్జం అంచు నున్నగా రాకి రబ్బరు బుష్ పెట్టాం, లేకపోతే అలల ఊపుకి వైరు తోలు కోసుకుపోతుంది.

ఇదంతా చూసి ఒక తెరచాప పడవకి ఇంత హడావుడా అనుకునేవాళ్లకి ఒక విషయం. 2017 సెప్టెంబర్ నుంచి 2018 మే వరకు భారత నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్‌వి తారిణిలో ఆరుగురు మహిళలు భూమిని చుట్టొచ్చారు. అందులో ఇద్దరు మనవాళ్లే, విశాఖపట్నం నుంచి స్వాతి, హైదరాబాద్ నుంచి ఐశ్వర్య బొడ్డపాటి. అది 17 మీటర్ల పడవ. నడి సముద్రంలో వెల్డింగ్ షాపు ఉండదు.

మళ్లీ మా బోటుకి. టెస్టింగ్ లేకుండా రిలీజ్ చేయం కదా. చక్రం అటు చివరి నుంచి ఇటు చివరికి తిప్పాం, లివర్లు పూర్తిగా తోశాం. గార్డ్ పైభాగానికి తాడు కట్టి ఇద్దరం పక్కనుంచి, ముందు నుంచి, వెనక నుంచి లాగాం, అప్పుడు నేనే మళ్లీ కింద దూరి బ్యాకింగ్ ప్లేటు దగ్గర ఫైబర్‌లో ఏమైనా కదలిక ఉందా చూశాను. కిర్రు లేదు. తర్వాత బే మధ్యలోకి వెళ్లి, మ్యాప్‌లో ఉన్న రెండు గుర్తుల్ని ఒకే వరసలోకి తెచ్చుకుని, ఆ దిక్కుకి మ్యాప్ చూపించే డిగ్రీలూ దిక్సూచి డిగ్రీలూ పోల్చాం. స్క్రీన్ ఆన్ చేసి ఒకసారి, ఆఫ్ చేసి ఒకసారి. ఇంజిన్ ఆన్‌లో ఒకసారి. ఇలా ఎనిమిది దిక్కుల్లో. తేడా ఒక డిగ్రీ లోపే వచ్చింది.

12 అంగుళాల స్క్రీన్ మాత్రం అన్న పెట్టలేదు, 9 అంగుళాలది పెట్టారు. స్క్రీన్ పెద్దదైతే పాప చెయ్యి పట్టుకునే అడ్డ రాడ్ దాని వెనక దాగిపోతోంది. డమ్మీకి అట్టముక్క కట్టి చూసినప్పుడే అది తెలిసింది.

బ్యూటైల్ టేప్ మెల్లగా అణుగుతుంది కాబట్టి రెండు మూడు వారాలకి నట్లు మరోసారి బిగించాలి. అప్పుడు కూడా కింద దూరింది ఎవరో మీకు తెలుసు. అక్కడ పడుకుని పైకి చూస్తే పెడెస్టల్ కింద కప్పీలు, తీగల తాళ్లు కనిపిస్తాయి, ఒక తాడులో నాలుగు పోగులు తెగి ముళ్లలా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. దాని కథ నెక్స్ట్ ఎపిసోడ్‌లో. బై.